కొలవని చోటు

నవంబర్ 4, సోమవారం

మూడు రోజుల గాలి ఇవాళ పొద్దున ఆగింది. ఇసుక గడప దాటి మంచం కోడు దాకా వచ్చేసింది. దాన్ని ఊడ్చే ఓపిక లేక అలాగే వదిలేశాను.

దహబ్ మామతో కలిసి పిరమిడ్ల దిబ్బ మీదకు వెళ్ళాను. ఈ దిబ్బకు మిగిలిన కాపలాదారు ఆయన ఒక్కడే. ఇన్‌స్పెక్టరును నేనొక్కణ్ణే. యుద్ధం మొదలయ్యాక రాజధాని ఖర్తూమ్‌లో మా పురావస్తు శాఖ ఉందో లేదో దేవుడికే తెలియాలి. జీతం ఆగిపోయి ఎన్నాళ్ళయిందో లెక్క మానేశాను. విదేశీ బృందం మొదటి వారంలోనే విమానమెక్కింది. వాళ్ళ పరికరాల పెట్టెల తాళంచెవులు మాత్రం నాకు అప్పజెప్పి పోయారు, నేనేదో వాళ్ళ వాకిలి కాచేవాణ్ణి అయినట్టు.

పదకొండో పిరమిడ్ దగ్గర ఇటుకలు నాలుగు వరసలు పోయాయి. దాని పక్క నుంచి కంచె దాకా పేరుకున్న ఇసుకను చెక్క దంతెలతో లాగాం. అక్కడ ఒక మట్టి గిన్నె దొరికింది. చెక్కు చెదరలేదు. ఎర్రటి నున్నటి మెరుగు, అంచు కింద చుట్టూ అల గీత. రెండు వేల ఏళ్ళ నాటిది, అనుమానం లేదు. ఇరవయ్యారేళ్ళుగా ఈ అంచులు చూస్తున్న చెయ్యి నాది.

టేపు పెట్టి చోటు కొలిచి రాశాను.

నవంబర్ 5

గిన్నెకు బొమ్మ గీశాను. అడుగున నల్ల సిరాతో 118 అని నంబరు వేసి, పైన వార్నిష్ పూశాను.

ఆ బృందం ప్రొఫెసరు నుంచి ఉత్తరం వచ్చింది. 'పిరమిడ్లు క్షేమమని తలుస్తాను' అట. పిరమిడ్లు క్షేమమే దొరగారూ. మనుషుల సంగతి మీరు అడగలేదు కనుక నేనూ రాయను. వందేళ్ళు మా గోరీలు తవ్వి, గిన్నెలూ పూసలూ ఎముకలూ పెట్టెల్లో సర్దుకుపోయి, ఇప్పుడు మాకే 'వారసత్వ పరిరక్షణ' మీద పాఠాలు చెబుతారు. వాళ్ళ మ్యూజియాల మీద నేను రాసిన వ్యాసాలు అచ్చయిన పేపరు ఇప్పుడు లేదు. పేపరు లేదు, దాని ఆఫీసు లేదు, ఎడిటరు ఎక్కడున్నాడో తెలియదు. అయినా రాస్తాను. ఎవరో ఒకరు రాయాలి.

నేను ఇక్కడ ఉండాలి. మా ఆవిడ ఇహ్సాన్‌కి అదే చెప్పాను. తను అమ్మాయిని తీసుకుని కైరో వెళతానంది, వెళ్ళమన్నాను. ఇందులో పోట్లాట ఏమీ లేదు.

నవంబర్ 7

మామ అబ్రీ సంతకు వెళ్ళాడు. పొద్దుటి నుంచి నేను నోరు తెరవలేదు. సాయంత్రం గట్టిగా దగ్గి చూసుకున్నాను, గొంతు ఉందా అని.

నవంబర్ 9, శనివారం

ఇవాళ ఒకామె వచ్చింది. పేరు సిత్తనా. ముప్పై దాటి ఉంటాయి. ఖర్తూమ్ బహ్రీలో బ్యాంకులో పనిచేసేదట. ఇల్లు పోయాక, ఎండ తగ్గే రోజుల్లో, అమ్మమ్మ ఊరని ఇక్కడికి చేరింది. అమ్మమ్మ ఎప్పుడో పోయింది. ఇప్పుడుంటున్నది పిన్ని ఇంట్లో.

స్టోరు గుమ్మం దగ్గరే నిలబడి, మా గిన్నె ఒకటి మీ దగ్గరుందని మామ చెప్పాడు, ఇప్పించండి అంది. ఇక్కడున్న గిన్నెలు ఎవరింటివీ కావని చెప్పాను. అయినా బీరువాలోంచి తీసి చూపించాను. గర్వంగానే చూపించాను. ఇది రెండు వేల ఏళ్ళ నాటిదమ్మా, దీన్ని చేసినావిడ ఏ రాణి ఏలుబడిలో బతికిందో కూడా చెప్పగలను అన్నాను.

ఆమె గిన్నెను తిప్పి చూసింది. అడుగున నా నంబరు చూసింది.

"దీన్ని చేసింది ఏటి మధ్య లంకలో ఉండే కుమ్మరి బత్తూల్, మాస్టారూ. మొన్న ఎండాకాలంలో చేసింది. ఆ ముసలిదింకా బతికే ఉంది. కావాలంటే వెళ్ళి అడగండి, రెండు వేల ఏళ్ళు వచ్చాయా అని."

మామ వెనక్కి తిరిగి తలపాగా సర్దుకున్నాడు. నవ్వు దాచుకోవడానికి.

నేను ఏదో అనబోయాను. మా ఆడవాళ్ళ చేతులు రెండు వేల ఏళ్ళుగా అదే అంచు, అదే అల గీత మరిచిపోలేదని, ఇది నిజంగా గొప్ప విషయమని, దీని మీద ఒక వ్యాసం రాయాలని. అప్పుడామె అడిగింది, ఎక్కడి నుంచి తీశారని.

బిడ్డ తలాపున పెట్టిన గిన్నె అట అది.

దారిలో లారీలోనే నొప్పులు వచ్చాయి. బిడ్డ ఐదు రోజులు బతికింది. ఏడో రోజున కదా పేరు పెట్టేది. పేరు పెట్టని పసికందుకు ఈ ఊళ్ళో పోయినవాళ్ళకు చదివే జనాజా నమాజు లేదు, శ్మశానంలో చోటూ లేదు. ఆడవాళ్ళే మునిమాపు వేళ తీసుకెళ్ళి ఎక్కడో ఒకచోట మట్టిలో పెడతారు. ఆమె, పిన్ని కలిసి కంచె కింద నుంచి దూరి వచ్చారు. ఇక్కడే ఎందుకని అడిగాను.

"ఇక్కడి పిరమిడ్లు చిన్నచిన్నగా ఉన్నాయి కదా. పిల్లల కోసం కట్టినట్టు."

చుట్టూ తెల్ల గులకరాళ్ళు పేర్చి, తలాపున గిన్నె పెట్టి, ప్రతి శుక్రవారం నీళ్ళు పోసి వెళ్ళేదట. శుక్రవారం మామ మసీదులో ఉంటాడు. ఊరంతా మసీదుకు పోయే ఆ వేళలో నేను తలుపేసుకుని చదువుకుంటాను. అది నా నిరసన. ఎవరి మీదో ఇప్పుడు గుర్తులేదు.

చోటు గుర్తులేదా అని అడిగితే, గిన్నె ఉండగా చోటెందుకు గుర్తుపెట్టుకుంటానంది. నిన్న వస్తే గిన్నె లేదు, రాళ్ళు లేవు, అంతా నున్నగా దువ్వినట్టుంది. దువ్వింది మేమే. దంతెలకు తగిలిన తెల్ల రాళ్ళు నాకు గుర్తే. ఏరి కంచె అవతలకు విసిరాం.

"మీరు ఎక్కడ తీశారో కొలిచి రాసుకుంటారట కదా. మామ చెప్పాడు. ఆ చోటు చూపించండి చాలు. గురువారం మా లారీ. హల్ఫా పోయి, అక్కడి నుంచి సరిహద్దు దాటుతాం. మళ్ళీ వస్తానో రానో."

చూపిస్తానని మాటిచ్చాను.

నవంబర్ 10

దీంట్లో నా తప్పు లేదు.

అది రక్షిత ప్రాంతం. కంచె ఉంది. కంచె మీద బోర్డు ఉంది. ఎవరు పడితే వాళ్ళు పాతిపెట్టుకోవడానికి వీల్లేదని చట్టం ఉంది. అసలు తప్పు ఊరిది. ఐదు రోజులు గాలి పీల్చిన మనిషికి ఆరడుగులు కాదు, మూరెడు నేల కూడా ఇవ్వని ఆచారానిది. ఆమెను ఇల్లు విడిచి లారీలో ప్రసవించేలా చేసిన ఇద్దరు సైన్యాధిపతులది. తుపాకులమ్మిన దేశాలది. వరసగా నిలబెట్టి అడగాలి అందర్నీ.

రెండు పేజీలు రాసి చించేశాను. బాగా వచ్చింది వ్యాసం. అందుకే చించేశాను.

నవంబర్ 11

రాయక తప్పదు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

టేపు పెట్టలేదు.

రిజిస్టరులో 'పదకొండో పిరమిడ్ ఈశాన్య మూల నుంచి పధ్నాలుగు మీటర్లు' అని ఉంది. గదికి వచ్చి టీ తాగుతూ వేసిన అంకె అది. గిన్నె ఉన్న చోటు నేను కళ్ళతో చూడనైనా లేదు. నేను పడిపోయిన ఇటుకల దగ్గర నిలబడి ఆ ప్రొఫెసరును మనసులో తిట్టుకుంటున్నాను. మామ ఎక్కడి నుంచో తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇవాళ మామను అడిగితే, అటు నడిచి, ఇటు నడిచి, ఇక్కడే ఎక్కడో అన్నాడు. ఆయన చెయ్యి చూపించిన మేర ఇరవై మీటర్ల పొడుగు, పన్నెండు వెడల్పు.

కుర్ర ఇన్‌స్పెక్టర్లకు నేను మొదటి రోజు చెప్పే పాఠం: వస్తువు కన్నా చోటు ముఖ్యం. చోటు పోతే వస్తువు అనాథ. చోటు రాయకుండా గిన్నె ఎత్తేవాడు పండితుడు కాదు, దొంగ.

నవంబర్ 12

పొద్దున ఏటి ఒడ్డుకు పోయి తెల్ల గులకరాళ్ళు ఏరుకొచ్చాను. పిరమిడ్ నీడ సాయంత్రం ఎక్కడ ఆగుతుందో అక్కడ, నమ్మదగ్గ చోట, చిన్న చుట్టుగా పేర్చాను. తలాపు దక్షిణం వైపు ఉండేలా చూసుకున్నాను. గిన్నె పెట్టాను. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూశాను. ఎవరైనా నమ్ముతారు. నేనే నమ్మాను కాసేపు.

ఇది మోసం కాదు, దయ. ఒక తల్లి రేపు పొద్దున నీళ్ళు పోసి, ఎల్లుండి మనసు నెమ్మదించి లారీ ఎక్కుతుంది. నిజం చెప్పి నేను సాధించేదేముంది? నా నిజాయితీ ఆమెకు ఏ రొట్టెలోకి కూర?

మామ దూరంగా కూర్చుని అంతా చూశాడు. అన్నం వేళకు కిస్రా జొన్నరొట్టెలు, చేప ఊరగాయ తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీరు పేపర్లో రాసింది నాకు చదివి వినిపించారు కదా మాస్టారూ. తెల్లోళ్ళు గిన్నె ఇక్కడ తీసి, ఎక్కడిదో కాగితం అంటించి, అద్దాల బీరువాలో పెట్టి, జనం కళ్ళకు గంతలు కడతారని."

"అయితే?"

"ఏం లేదు. బాగా రాశారు."

ఊరగాయ ఉప్పు ఎక్కువైంది.

నవంబర్ 13, బుధవారం

ఎండ ఎక్కకముందే వచ్చింది. ఒక చేతిలో నీళ్ళ డబ్బా, ఇంకో చేతిలో ఖర్జూరాల మూట. నేను ముందు నడిచి చూపించాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. డబ్బా మూత తీసి, గిన్నె మీదకు వంచబోయి ఆగింది. నా వైపు తిరగకుండానే అడిగింది, ఇదే కదా అని.

అవును అనే మాట రాత్రంతా తయారు చేసి పెట్టుకున్నాను. నోట్లోనే ఉంది. జీవితంలో మాటకు తడుముకున్నవాణ్ణి కాను, మంత్రులతోనే తడుముకోలేదు. అది బయటికి రాలేదు.

ఆమె డబ్బా కింద పెట్టింది.

కొలవలేదని చెప్పాను. రాళ్ళు నిన్న నేను ఏరుకొచ్చినవేనని చెప్పాను. అసలు రాళ్ళు కంచె అవతలకు విసిరింది కూడా నేనేనని చెప్పాను. కారణాలు మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది. తరువాత, కోపమే లేనట్టు, బ్యాంకులో ఖాతాదారుకు చెప్పినట్టు చెప్పింది:

"ఇక్కడ పడుకున్న వాళ్ళందరి చోటూ మీకు తెలుసు. రెండు వేల ఏళ్ళ కిందట పోయినవాళ్ళది వేలెడు తేడా లేకుండా తెలుసు. నా బిడ్డ పోయి నలభై రోజులు కాలేదు మాస్టారూ."

నేను తాపీ తెచ్చాను. పైపొర కొంచెం గీకితే తవ్విన మట్టి రంగు తెలుస్తుంది, లోతుకు పోను, ఒట్టు అన్నాను. ఇనుము తగలనివ్వనంది. నా చేతుల్లోంచి తాపీ లాక్కుని తన వెనక పెట్టుకుంది.

ఎంత మేరలో ఉండొచ్చని అడిగింది. ఈ మూల నుంచి ఆ కంచె దాకా అని చూపించాను. లేచి నిలబడి ఆ మేర అంతా చూసింది, గుడ్డ కొనేవాళ్ళు చూసినట్టు.

"అయితే అంతా పోస్తాను. ఎక్కడున్నా తగులుతుంది."

ఎలా పోస్తావమ్మా, పోసిన చోటే పోస్తావు, పోయని చోటు వదిలేస్తావు అన్నాను. వాదన నాకు ఊపిరి కదా, అప్పుడు కూడా వాదించాను. వాదిస్తూనే పుల్లలు, దారం తెచ్చాను. తవ్వకాలకు కట్టినట్టే రెండేసి మీటర్ల గళ్ళు కట్టాను. పది వరసలు, వరసకు ఆరు. అరవై గళ్ళు. ఈసారి టేపు పెట్టాను. ఆమె నా చేతి వెంబడే వచ్చి, ప్రతి పుల్ల దగ్గరా అంకె చూసి, తల ఊపిన తరువాతే తరువాతి పుల్ల పాతనిచ్చింది.

మామ గాడిద బండి మీద పీపాతో నీళ్ళు తోలించాడు. మొదలుపెట్టే ముందు ఆమె గిన్నె బోర్లించి, ఒక గరుకు రాయి తీసుకుని, నా 118ని గీకేసింది. వార్నిష్ గట్టిది. చాలాసేపు పట్టింది. ఇవ్వమ్మా నేను తీస్తానంటే ఇవ్వలేదు.

గడికి మూడు గిన్నెలు. చేత్తో చిలకరిస్తూ పోస్తుంది. నేను పీపా నుంచి డబ్బా నింపి తెస్తాను. ఎండ ముదిరేసరికి రెండు వరసలు పూర్తయ్యాయి, పీపా ఖాళీ అయింది. మాట్లాడింది తక్కువ. ఒకసారి అడిగింది, మీవాళ్ళేరీ అని. కైరోలో అన్నాను. రమ్మనలేదా అంది. నేను ఇక్కడ ఉండాలి కదా అన్నాను. ఆమె చుట్టూ చూసి, ఎవరికోసం అంది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది.

నవంబర్ 14, గురువారం

చీకటి విడకముందే ఆమె వచ్చేసింది, సామాను పిన్ని చేత లారీ దగ్గరికి పంపించి. మూడో వరస నుంచి మొదలుపెట్టాం. నేను రెండో డబ్బా కూడా పట్టుకున్నాను. అయినా అరవై గళ్ళంటే అరవై గళ్ళు.

మూడో వరస పోస్తున్నప్పుడు లారీ కబుర్లు చెప్పింది. డ్రైవరు మేకల్ని కూడా ఎక్కిస్తున్నాడట. మేకలకు మనుషులకన్నా మంచి చోటట, ఎందుకంటే వాటికి యజమాని ఉన్నాడు. నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

ఎనిమిదో వరస సగంలో ఉండగా రోడ్డు మీద హారన్ మోగింది. ఆమె ఆగలేదు. మళ్ళీ మోగింది. పిన్ని కంచె దగ్గరికొచ్చి, అమ్మాయ్, వాడు వెళ్ళిపోతాడే అని పిలిచింది. గిన్నెలో ఉన్న నీళ్ళు ఆ గడిలో పోసి, ఇంకా ఎన్ని అని అడిగింది. పదిహేను అన్నాను.

గిన్నె నా చేతికిచ్చింది.

"పూర్తి చెయ్యండి. సగం సగం చిలకరించకండి. గడికి మూడు."

క్షమించమని అడగబోయాను. అప్పటికే కంచె కింద నుంచి దూరి వెళ్ళిపోయింది. లారీ మీద ఎక్కడ కూర్చుందో దుమ్ములో కనబడలేదు.

పదిహేనూ పూర్తి చేశాను. గడికి మూడు.

తరువాత గదికి పోకుండా పిరమిడ్ నీడలో కూర్చుండిపోయాను. గాలి లేదు. పోసిన వరసలు ఒక్కొక్కటే ఆరి తెల్లబడ్డాయి. పొద్దు వాలుతుండగా అసర్ అజాన్ వినిపించే వేళకు నేలంతా మళ్ళీ ఒకే రంగు అయింది. ఒక్క చోట తప్ప.

మూడో వరస, నాలుగో గడి. అక్కడ తడి ఆరలేదు. మూరెడున్నర పొడుగు, జానెడున్నర వెడల్పు, అంచులు తీర్చినట్టున్న నల్లటి మచ్చ. తవ్విపూడ్చిన మట్టి గుల్లగా ఉంటుంది, నీళ్ళు లోతుకు తాగుతుంది, ఆలస్యంగా ఆరుతుంది. మా వృత్తిలో పాత చిట్కా. నీళ్ళు చల్లి గోరీలు కనిపెట్టడం నేను పాతికేళ్ళుగా చేస్తున్న పని. రెండు రోజులు నీళ్ళు మోస్తూ కూడా నాకది తట్టలేదు. ఆమె వెతకడానికి పోయలేదు. వెతకాల్సినవాణ్ణి నేనని మరిచిపోయాను.

పాతకాలపు వాళ్ళు ఈ దిబ్బ మీద పడమటికి తల పెట్టి పడుకుంటారు. ఇది దక్షిణానికి తల పెట్టుకుని, మక్కా వైపు తిరిగి ఉంది. ఇది మా కాలపు మనిషే.

ఆ గడిలో పోసింది ఆమె. తన చేత్తోనే, మూడు గిన్నెలూ, మేకల సంగతి చెబుతూ పోసి, తరువాతి గడికి జరిగింది.

ఆరక ముందే టేపు తెచ్చాను. రెండు మూలల నుంచీ కొలిచాను. మామ ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరం రెండేసిసార్లు చదివాం. ఏటి నుంచి తెచ్చిన రాళ్ళే పేర్చి, దక్షిణం వైపు గిన్నె పెట్టాను.

నవంబర్ 15

ఆమె ఫోను కలవడం లేదు. వెంట వెళ్ళిన పిన్నిది కూడా.

నవంబర్ 16

కలవడం లేదు.

నవంబర్ 18, సోమవారం

హల్ఫాలో లారీలు సరిహద్దు దగ్గర వారం, పది రోజులు ఆగిపోతున్నాయట, మామ సంతలో విన్నాడు. ఉత్తరం వైపు పోయే ప్రతి లారీ మా రోడ్డు మీదే పోవాలి.

కాగితం మీద రాయడానికి కూర్చున్నాను. మొదటిసారి మూడు పేజీలు అయింది. అందులో సైన్యాధిపతులున్నారు, ఊరి ఆచారం ఉంది, మ్యూజియాలున్నాయి, నేనున్నాను. అన్నిటికన్నా నేనే ఎక్కువున్నాను. పాతికేళ్ళు వేలమందికి కోపం రావాలని రాశాను. ఒక్క మనిషికి ఒక్క సంగతి తెలియాలని రాయడం ఇదే మొదలు. చెయ్యి తిరగడం లేదు.

నవంబర్ 19

రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడి రెండు లారీలు ఆపాను. మొదటి డ్రైవరు కాగితం జేబులో పెట్టుకుని, హల్ఫాలో మనుషులు మిడతల్లా ఉన్నారు, నీ సిత్తనాను ఎక్కడ పట్టుకోమంటావన్నాడు. లంకలో కుమ్మరి బత్తూల్ ఊరి పిల్ల, బహ్రీ బ్యాంకులో చేసేది, మేకల లారీలో పోయింది అని చెప్పాను. మీకేమవుతుందని అడిగాడు. ఏమీ కాదన్నాను. నా వంక చూసి ఇంకేమీ అడగకుండా బండి ఎక్కాడు.

నవంబర్ 22, శుక్రవారం

మసీదు వేళకు దిబ్బ మీదకు వెళ్ళి గిన్నెలో నీళ్ళు పోశాను. ఒక పిట్ట వచ్చి తాగింది. తరువాత లారీల కోసం రోడ్డు మీదకు వెళ్ళాను.

ఇప్పటికి పదకొండు కాగితాలు పంపాను. నిన్నటి దాకా ప్రతి కాగితం చివర 'నన్ను క్షమించు' అని ఉంది. ఇవాళ అది తీసేశాను. అది నాకోసం రాసుకున్న మాట. మోయడానికి ఆమెకు ఇప్పటికే చాలా ఉంది. ఇప్పుడు కాగితం ఇంతే:

'సిత్తనాకు. మూడో వరస, నాలుగో గడి. గురువారం పొద్దున నీ చేత్తోనే పోశావు. తడి కిందికి చేరింది, నేను చూశాను. పదకొండో పిరమిడ్ ఈశాన్య మూల నుంచి తొమ్మిది మీటర్ల నలభై, ఆగ్నేయ మూల నుంచి పదమూడు మీటర్ల అరవై. టేపు పెట్టి కొలిచాను.'

ఇవాళ ఉత్తరం వైపు మూడు లారీలు పోయాయి. మూడూ ఆగాయి.